మా గల్లీకి కామెర్లు ఎక్కడి నుంచి వచ్చాయి

మొదట నాకు తిండి సహించలేదు. పోపు వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేది. సన్నగా జ్వరం, ఒళ్లంతా నీరసం, కుడివైపు పక్కటెముకల కింద బరువు. ఎండదెబ్బ అనుకున్నారు ఇంట్లో. మూత్రం ముదురు పసుపులో వచ్చి, కళ్లు పచ్చబడ్డాక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

రక్తపరీక్షలో కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ బాగా ఎక్కువ, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ వెయ్యి దాటింది. కాలేయానికి సోకే వైరస్ జబ్బు, హెపటైటిస్-ఇ అని తేలింది. దీనికని ప్రత్యేకమైన మందు లేదు, చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది, విశ్రాంతి తీసుకోండి, సొంతంగా మాత్రలు మింగకండి అన్నారు డాక్టరు గారు. మా అత్తమ్మ మాత్రం పసరు పోయించాలని, ఉప్పూ నూనే మాన్పించాలని పట్టుబట్టింది. ఆమె భయం నాకు తెలుసు. కానీ అందులో ఏం కలిపారో తెలియని పసరును కూడా ఆ దెబ్బతిన్న కాలేయమే భరించాలి. పత్యం పేరుతో కడుపు మాడిస్తే మనిషి కోలుకునేదెట్లా? ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు, ఏది లోపలికి పోతే అది తిన్నాను.

ఇంతలో పక్కింటి అక్కకు, మూలమీది కిరాణా అన్నకు, ఆయన కొడుక్కు కూడా కళ్లు పచ్చబడ్డాయి. గల్లీ అంతా పానీపూరీ బండివాణ్ని తిట్టడం మొదలుపెట్టింది. ఆశా అక్కను వెంటబెట్టుకుని ఒక డాక్టరమ్మ ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికీ వచ్చింది. అందరిలా నిన్నామొన్నా ఏం తిన్నావని అడగలేదు. "నెలా నెలన్నర కింద ఏ నీళ్లు తాగిన్రన్నా? నల్లాయా, క్యానా? కాచి తాగుతరా?" అని అడిగింది. వైరస్ ఒంట్లోకి పోయాక జబ్బు బయటపడటానికి 2 నుంచి 10 వారాలు పడుతుందట. అందుకే అంత వెనక్కి వెళ్లి అడగాలి.

గల్లీ బొమ్మ గీసి, జబ్బుపడ్డ ఇళ్ల మీద చుక్కలు పెట్టింది. చుక్కలన్నీ మోరీ పక్కన పోయే లైను మీదే పడ్డాయి. వెనక గల్లీవాళ్లూ అదే బండి దగ్గర తింటారు, వాళ్ల నల్లా లైను వేరు. అక్కడ ఒక్కరికీ రాలేదు. ఆ కాగితం చూశాక బండివాడి మీద మాట తగ్గింది. నల్లా నీళ్లలో పరీక్ష మందు వేస్తే, క్రిముల్ని చంపే క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరగాలి. మా వైపు చివరి ఇళ్లలో తిరగలేదు.

తవ్వితే పైపు మోరీలోంచే పోతోంది, తుప్పుపట్టి చిల్లులు పడి. మాకు నీళ్లు రోజు విడిచి రోజు. వదిలినప్పుడు ఒత్తిడికి నీళ్లు చిల్లులోంచి బయటికి కారతాయి. బందయ్యాక పైపు ఖాళీ అయి, అదే చిల్లులోంచి మురుగును లోపలికి లాక్కుంటుంది. నల్లాకు మోటరు బిగిస్తే ఇంకా గుంజుతుంది. 2005లో ఈ హైదరాబాద్‌లోనే 1,600 మందికి పైగా ఇదే జబ్బు పడ్డారు, అప్పుడూ మోరీలు దాటివచ్చే పైపుల నీళ్లు తాగినవాళ్లకే ఎక్కువగా వచ్చింది. అది తెలిశాక నాకు జబ్బుకన్నా కోపం ఎక్కువైంది.

నాకు నిద్రపట్టనివ్వనిది ఎదురింటి కోడలి సంగతి. ఆమెకు ఏడో నెల. నెలలు నిండుతున్న గర్భిణులకు హెపటైటిస్-ఇ ప్రాణాంతకం కావచ్చు, వ్యాధి సోకినవాళ్లలో నూటికి 20, 25 మంది దాకా చనిపోవచ్చు. డాక్టరమ్మ అందరికన్నా ముందు ఆమెకే పరీక్ష చేయించింది. సోకలేదని తెలిసిన రోజు వాళ్ల అత్త గడపలో కూర్చుని ఏడ్చింది.

నా కళ్ల పచ్చదనం మెల్లగా పోయింది. ఆకలి తిరిగొచ్చింది, మెట్లెక్కితే ఆయాసం మాత్రం చాలాకాలం వదల్లేదు. మోరీకి దూరంగా కొత్త పైపు వేశారు. మేమింకా నీళ్లు సలసలా కాచే తాగుతున్నాం. అవతలి వీధిలో ఒక పైపు మోరీలోంచే పోతోందని కిరాణా అన్న చూసొచ్చాడు. దాని గురించి అర్జీ రాసి, గల్లీవాళ్లతో సంతకాలు చేయిస్తున్నాం.