మాత్రలు ఎందుకు ఆపేస్తారంటే

మాది కదిరి. బెంగళూరులో గుండె ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చే పేషెంట్లలో చాలామందికి కన్నడం రాదు. అందుకని డిశ్చార్జి రోజున వాళ్లకు మాత్రల సంగతి చెప్పే పని నాకు అప్పగించారు. మన యాస చెవిన పడితే చాలు, వాళ్ల మొహాల్లో బెదురు పోతుంది.

"బాగుండానమ్మా, నొప్పే లేదు. ఇంకెందుకు మాత్రలు?" అంటారు కొన్నాళ్లకు. ఆ మాట వింటే నాకు టెన్షన్. నొప్పి పోయింది స్టెంటు వల్ల, అంటే గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచడానికి లోపల పెట్టిన చిన్న జాలీ గొట్టం వల్ల. ఆ స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా చూసేది మాత్రలు. గుండెపోటు వచ్చి స్టెంటు వేసినవాళ్లకు ఆస్పిరిన్, దానితోపాటు క్లోపిడోగ్రెల్ లాంటి ఇంకో మందు మామూలుగా ఏడాది వాడమంటారు. మధ్యలో సొంతంగా ఆపితే స్టెంటు హఠాత్తుగా మూసుకుపోవచ్చు. పన్ను పీకించుకోవాలన్నా, మాత్ర ఆపకుండా ముందు గుండె డాక్టరును అడగమంటాను. కొలెస్ట్రాల్ తగ్గిందని స్టాటిన్ మానేసేవాళ్లూ ఉన్నారు. మాత్ర వేసుకోబట్టే కదా అది తగ్గింది!

వీళ్లను మొండివాళ్లంటే నాకు కోపం వస్తుంది. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లలో మందులు సరిగ్గా వాడేది ధనిక దేశాల్లో కూడా సుమారు సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. కసిరితే మరుసటిసారి అబద్ధం చెబుతారు. "ఈ వారం ఎన్నిసార్లు తప్పిపోయింది పెద్దాయనా?" అని మామూలుగా అడిగితే అసలు కారణం బయటికొస్తుంది. డబ్బుల్లేవు, ఊళ్లో ఆ కంపెనీ మాత్ర దొరకలేదు, కడుపులో మంట. డాక్టరుతో చెప్పి కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయిస్తే, ప్రభుత్వ పథకం కింద నడిచే జన్ ఔషధి దుకాణంలో చవగ్గా దొరకొచ్చు. మంట సంగతీ డాక్టరే చూస్తారు.

ఉప్పు గురించి మాత్రం వంట చేసే ఆమెతోనే మాట్లాడతాను. ఊరగాయ, అప్పడం అన్నీ కలిపి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే టీస్పూను కూడా నిండకూడదు. "ఊరగాయ లేందే ముద్ద ముట్టడమ్మా" అంటుంది. పూర్తిగా మాన్పించమనను. ముందు సంగటిలో ఉప్పు వేయొద్దు, పప్పులో తగ్గించి నిమ్మకాయ పిండు అంటాను. బీడీ దగ్గర మాత్రం బేరం లేదు. మానేసిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు, తాగేవాళ్లతో పోలిస్తే, సుమారు సగానికి తగ్గుతుంది.

డిశ్చార్జి చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. దాని వెనక ఏ మాత్ర ఎందుకో, ఎప్పుడో తెలుగులో రాసిస్తున్నాను. ఇంటికెళ్లాక వారానికోసారి ఫోన్ చేసి కనుక్కోడానికి ఒక మనిషిని పెట్టమని మేనేజ్‌మెంట్‌ను అడుగుతున్నాను. ఒప్పుకునేదాకా అడుగుతాను.