మధ్యవేలు ఎత్తు నాన్నా

జర్మనీలోని స్టుట్‌గార్ట్ వచ్చి ఆరేళ్ళయింది. ఇక్కడ చాలామంది పిల్లలకి సంగీతం మొదలయ్యేది రికార్డర్ అనే నిలువు పిల్లనగ్రోవితోనే, జర్మన్‌లో బ్లాక్‌ఫ్లోటె అంటారు. రెండో క్లాసు చదివే మా పాప కూడా నేర్చుకుంటానంటే పాత సామాన్ల సంతలో మూడు యూరోలకి ఒకటి కొన్నాను. చిన్నప్పుడు విజయవాడలో నాలుగేళ్ళు వేణువు నేర్చుకున్నవాణ్ణి, పిల్లల పీపీ నాకో లెక్కా అనుకున్నా.

ఎఫ్ స్వరం దగ్గర గొడవ మొదలైంది. పుస్తకంలో బొమ్మ ప్రకారం ఎడమచేతి రంధ్రాలన్నీ మూయాలి. కుడిచేతి చూపుడువేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు కూడా మూసి, మధ్యవేలు ఒక్కటీ ఎత్తాలి. పాప అలాగే పెట్టింది. స్వరం మాత్రం కిందికి జారిపోతోంది. "సరిగ్గా మూయట్లేదమ్మా" అని నేను, "మూశాను నాన్నా!" అని తను. రెండు రోజులు పిల్లని ఊరికే సతాయించాను.

చివరికి వాళ్ళ టీచర్ రికార్డర్ వెనక్కి తిప్పి 'జి' అక్షరం చూపించింది. రంధ్రాల అమరికలో, వేళ్ళు పెట్టడంలో రెండు పద్ధతులున్నాయట. మా రికార్డర్ జర్మన్ పద్ధతిది, పుస్తకమేమో బరోక్ పద్ధతిది! అక్షరం లేకపోయినా కుడిచేతి మొదటి రెండు రంధ్రాలు చూస్తే చాలు. పైది పెద్దది, కిందది చిన్నది అయితే జర్మన్. దానికి తిరగబడి ఉంటే బరోక్.

1920ల్లో పీటర్ హార్లాన్ అనే ఆయన ఎఫ్‌కి ఆ మెలిక లేకుండా రంధ్రాలు మార్చి తెచ్చినదే ఈ జర్మన్ పద్ధతి. కింది నుంచి ఒక్కో వేలూ ఎత్తుకుంటూ పోతే స్వరాలు వరసగా పలుకుతాయి. మొదటి నెల పిల్లలకి పండగే. కానీ ఆ సుఖానికి దాని పై పక్కనున్న ఎఫ్ షార్ప్ స్వరం బలైంది, శ్రుతిలో నిలబెట్టడం కష్టం.

మన లెక్కలో చెప్పాలంటే, సి షడ్జమం అయితే ఎఫ్ శుద్ధ మధ్యమం, ఎఫ్ షార్ప్ ప్రతి మధ్యమం. అంటే ఈ మూడు యూరోల రికార్డర్ మీద శుద్ధ మధ్యమం ఉన్న శంకరాభరణం రాగం హాయిగా నడుస్తుంది, ప్రతి మధ్యమం ఉన్న కల్యాణి ఏడిపిస్తుంది.

పాపకి 'బి' అక్షరం ఉన్న బరోక్ రికార్డర్ కొత్తగా కొన్నాం. పాతది నా సొరుగులోకి చేరింది, రాత్రుళ్ళు దాని మీద సరళీ వరసలు వాయించుకుంటున్నా. నిన్న సరదాగా పాప రికార్డర్ తీసుకుని అవే మొదలుపెట్టాను. మధ్యమం దగ్గరికి రాగానే పక్క గదిలోంచి అరిచింది: "మధ్యవేలు ఒక్కటే ఎత్తు నాన్నా!"