పైరసీ సినిమా లింక్ పంపేవాళ్లకు నా మాట

చెన్నై వడపళనిలో సౌండ్ ఎడిటింగ్ అసిస్టెంట్‌ని, అందుకే ఇది కోపంతోనే రాస్తున్నా. మేం నెలల తరబడి రాత్రిళ్లు కూర్చుని పని చేసిన ఒక చిన్న తమిళ సినిమా రిలీజైన సాయంత్రానికే టెలిగ్రామ్‌లో తిరిగింది, అదీ థియేటర్లో కెమెరాతో తీసిన ప్రింట్, అందులో జనం దగ్గులు వినిపిస్తున్నాయి కానీ మేం పొరలు పొరలుగా కట్టిన వాన చప్పుడు మాత్రం లేదు.

2018లో రజనీకాంత్ సినిమా '2.0' రిలీజ్‌కు ముందు మద్రాస్ హైకోర్టు 12 వేలకు పైగా వెబ్‌సైట్లను బ్లాక్ చేయమంది, అయినా తమిళ్‌రాకర్స్ అనే పైరసీ సైట్‌లో సినిమా వచ్చేసింది. ఒక అడ్రస్ మూస్తే ఇంకోటి తెరుస్తారు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చి పైరసీకి 3 ఏళ్ల వరకు జైలు, నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా జరిమానా పెట్టారు, మంచిదే.

పెద్ద హీరో సినిమా మొదటి వారాంతంలోనే ఎంతో కొంత రాబట్టుకుంటుంది. చిన్న సినిమాకు మౌత్ టాక్ పాకాలి, అది పాకేలోపే లింక్ వచ్చేస్తోంది. మేం పని చేసిన ఆ సినిమా నిర్మాత తన తర్వాతి సినిమా ఆపేశారు, మా టీమ్‌లో ఇద్దరికి పని పోయింది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులోనూ లింకులు పెడుతున్నారు, దయచేసి ఆపండి.