గోడకి మొహం పెట్టి నిలబడిన మా మేనల్లుడు

పోయిన ఆదివారం ఒడిశా సిమిలిగుడలో మా ఇంట్లో ఒక ఆట ఆడాం. మా మేనల్లుడు గోడకి మొహం పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను వెనకనుంచి ఒక్కొక్క వస్తువు తీసి వాడి తలమీదకి విసురుతుంటే, తగిలిన దెబ్బని బట్టి అదేమిటో వాడు చెప్పాలి. తువ్వాలు చెప్పేశాడు, రబ్బరు చెప్పు చెప్పేశాడు, మడిచిన పేపరుని మాత్రం "విసనకర్ర!" అన్నాడు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏటర్రా ఇది, పిల్లాడి తలకాయనుకున్నారా, కొబ్బరికాయనుకున్నారా" అని కేకలేసి, రెండు నిమిషాలయ్యాక తనే ఒక ఉల్లిపాయ తెచ్చి విసిరింది. వాడు "బంగాళాదుంప" అన్నాడు. ఇంత అల్లం, ఇన్ని దుంపలు పండే కొరాపుట్ జిల్లాలో పుట్టి ఆ మాత్రం తెలీదా అని అమ్మ వాడిని ఇంకా ఏడిపిస్తూనే ఉంది.

ఈ ఆట నేను కనిపెట్టింది కాదు. తైవాన్ కళాకారుడు త్సుయ్ క్వాంగ్‌యూ చేసిన వీడియో ఒకటుంది. అందులో ఆయన ఇలాగే నిలబడతాడు, వెనకనుంచి వస్తువులొచ్చి తలకి తగులుతుంటాయి, ఆయన వాటి పేర్లు చెబుతుంటాడు, అంతే. నవ్వొస్తుంది, కానీ కాసేపటికి, మనకి కూడా రోజూ వెనకనుంచి ఎన్ని వచ్చి తగులుతున్నాయి, వాటికి పేరు పెట్టుకోవడం తప్ప మనం చేస్తున్నదేముంది అనిపిస్తుంది. ఇంకో వరస వీడియోల్లో ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర నిలబడి, పచ్చలైటు పడగానే రేసు మొదలైనట్టు జెండా ఊపుతాడు. మైదానంలో గింజలేరుకుంటున్న పావురాల మధ్యకి బౌలింగ్ బంతి దొర్లిస్తాడు. 2005లో వెనిస్ బినాలేలో, అంటే ఇటలీలో రెండేళ్ళకోసారి జరిగే పెద్ద కళాప్రదర్శనలో, తైవాన్ తరఫున వెళ్ళిన నలుగురిలో ఈయనొకడు.

బొమ్మల టీచర్ని కాబట్టి నన్ను చాలామంది అడుగుతారు, "ఇది కూడా కళేనా సార్" అని. నా మటుకు నాకు ఇది చాలా గట్టి కళ. తైవాన్‌లో 1949 నుంచి 1987 దాకా, అంటే ముప్పై ఎనిమిదేళ్ళు, మార్షల్ లా (సైనిక చట్టం) ఉంది. మాట జారితే జైలు. వేలమంది జైళ్ళకి పోయారు, ఎంతోమందికి మరణశిక్షలు పడ్డాయి. అలాంటి చోట ఇళ్ళల్లో గొంతు తగ్గించి మాట్లాడటం విని పెరిగిన పిల్లలు పెద్దయ్యాక నడివీధిలో నిలబడి నవ్వించడం మొదలెట్టారంటే, దాన్ని చిల్లర వేషం అని కొట్టిపారేయడం నావల్ల కాదు.

వాళ్ళలో నాకు బాగా దగ్గరైనవాడు 1969లో పుట్టిన యావో జుయ్‌చుంగ్. తైవాన్‌ని ఎంతమంది ఏలారో చూడండి: దక్షిణాన 1624లో డచ్చివాళ్ళు, ఉత్తరాన 1626లో స్పెయిన్‌వాళ్ళు, తర్వాత చైనా నుంచి కొషింగా అనే సేనాని, ఆ తర్వాత చైనానేలిన చింగ్ చక్రవర్తులు, 1895 నుంచి 1945 దాకా జపాన్, ఆ తర్వాత కొమింతాంగ్ పార్టీ. వచ్చిన ప్రతివాడూ జెండా పాతి ఇది నాది అన్నవాడే. 1994లో యావో ఏం చేశాడంటే, వీళ్ళ రాకతో ముడిపడ్డ చోట్లకి ఒక్కొక్కదానికీ వెళ్ళి, బట్టలు విప్పి, కుక్క తన హద్దు గుర్తు పెట్టుకున్నట్టు అక్కడ మూత్రం పోసి ఫోటోలు తీయించుకున్నాడు. మొదటిసారి చూసినప్పుడు నాకూ ఛీ అనిపించింది. కానీ నేల ఆక్రమించడమంటే అసలు ఏమిటో ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? 1997లో ఆ ఫోటోలు వెనిస్ వెళ్ళాయి. అక్కడ తైవాన్ ప్రదర్శన పెట్టే భవనం ఒకప్పటి జైలు.

ఆ తర్వాత ఇంకో వరస. "చైనాని తిరిగి గెలుచుకుందాం" అని, అక్కడ కమ్యూనిస్టుల చేతిలో ఓడి తైవాన్ చేరిన కొమింతాంగ్ దశాబ్దాలపాటు వల్లించిన నినాదాన్నే పేరుగా పెట్టుకుని చైనా వెళ్ళి, అక్కడి పేరున్న చోట్ల ముందు గాల్లోకి ఎగిరి ఫోటోలు దిగాడు. ఫోటోలో మనిషి నిటారుగా, సైనికుడిలా ఉంటాడు, కాళ్ళు మాత్రం నేలకి ఆనవు.

ఇది చూసిన ప్రతిసారీ నాకు కొఠియా గుర్తొస్తుంది. మావైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. పొట్టంగి బ్లాకుకీ సాలూరుకీ మధ్య కొండలమీద ఇరవై ఒక్క ఊళ్ళు ఒడిశావా ఆంధ్రావా అన్నది దశాబ్దాలుగా తేలలేదు. రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నవాళ్ళున్నారక్కడ. ఒడియా, తెలుగు, కువి మూడూ మాట్లాడే ఒక ముసలాయన అరుగుమీద అడ్డపొగాకు చుట్టుకుంటూ నాతో అన్న మాట: "ఇద్దరల్లుళ్ళున్న అత్తగారిలాగుంది బాబూ మా పని. పండక్కి ఇద్దరూ బట్టలట్టుకొస్తారు. ఎవులియి కట్టుకోవాలో అదే టెన్షను." చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఎన్ని పేపర్లు చదివినా నాకు అర్థంకానిది ఆ ఒక్క మాటతో అర్థమైంది.

యావో అక్కడితో ఆగలేదు. 2010 నుంచి తన విద్యార్థుల్ని ఊరూరా తిప్పి, డబ్బు పోసి కట్టి వాడకుండా వదిలేసిన ప్రభుత్వ భవనాల ఫోటోలు తీయించి పుస్తకాలుగా వేశాడు. అలాంటి వాటిని అక్కడ జనం "దోమల భవనాలు" అంటారట, లోపల ఉండేవి దోమలే కాబట్టి. మావైపు కూడా ఒకటుంది, ఊరి పేరు వద్దు, రిబ్బను కత్తిరించిన రోజు తప్ప మళ్ళీ తలుపు తెరవలేదు, మెట్లమీద మేకలు పడుకుంటాయి. మా పిల్లలచేత దాని బొమ్మ వేయించాలని ఎప్పటినుంచో నా కోరిక.

అయినా నవ్వూ భక్తీ కలవవని మనకెవరు చెప్పారు? బరంపురంలో మా పెద్దమ్మగారింటికి ఠాకురాణీ అమ్మవారి యాత్రకి వెళ్ళేవాళ్ళం, రెండేళ్ళకోసారి. మా బాబాయి మొక్కుకుని పులి వేషం కట్టేవాడు. ఒంటికి పసుపు రంగు, నల్ల చారలు, ఆ రంగు ఆరేదాకా చేతులు చాపుకుని ఫ్యాను కింద కదలకుండా నిలబడటం, పక్కన పిల్లలం తోక లాగుతుంటే పెద్దమ్మ తిట్టడం. వీధిలోకి వెళ్ళాక డప్పుకి ఆయన గంతులేస్తుంటే జనం నవ్వేవాళ్ళు, అమ్మవారి దగ్గరకి వచ్చేసరికి అదే మనిషి కళ్ళనిండా నీళ్ళు. తైవాన్ గుళ్ళ ఊరేగింపుల్లో కూడా ఇలాంటిదే ఉంది. నేజా అనే బాలదేవుడి పెద్ద బొమ్మని లోపల దూరి మోస్తూ, టెక్నో పాటలకి చిందులేస్తారు కుర్రాళ్ళు. 2009లో కావ్‌షుంగ్ నగరంలో జరిగిన ప్రపంచ క్రీడల ప్రారంభోత్సవానికి ఈ దేవుళ్ళు మోటారుసైకిళ్ళెక్కి వచ్చారు. నేజా అన్న పేరు బౌద్ధంతోపాటు అటు వెళ్ళిన మన నలకూబరుడి పేరేనని పండితులంటారు. చిన్నికృష్ణుడు రోలు ఈడ్చి మద్దిచెట్లు కూల్చి శాపం తీర్చాడే, ఆ ఇద్దరన్నదమ్ముల్లో ఒకడు. అది తెలిసిన రోజు నాకు నిద్రపట్టలేదు.

మొన్న సెలవులకి మేనల్లుణ్ణి కొఠియావైపు తీసుకెళ్ళాను. దారిలో ఒకచోట ఒడియా బోర్డు, పదడుగుల అవతల తెలుగు బోర్డు. రెంటికీ మధ్య నిలబెట్టి ఎగరమన్నాను. ఫోనులో సరిగ్గా కాళ్ళు రెండూ గాల్లో ఉన్నప్పుడు నొక్కడం తేలిక కాదు. ఒకసారి తల తెగిపోయింది, ఒకసారి ఒక కాలే లేచింది, ఒకసారి చెప్పు ఊడి తెలుగు బోర్డు కింద పడింది. "మావయ్యా, కాళ్ళు నొప్పెడతన్నాయి" అని గొడవ. ఆ చుట్ట ముసలాయన ఎప్పుడొచ్చాడో, కర్రమీద ఆనుకుని అంతా చూస్తున్నాడు. చివరికి ఒక ఫోటో కుదిరింది, వాడు నిటారుగా, చేతులు ఒంటికి ఆనించి, నేలకి జానెడు పైన ఉన్నాడు. ముసలాయనకి చూపించాను. ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు గుంటడు ఏ రాష్ట్రంలో ఉన్నట్టు?" అన్నాడు.