35 అడుగుల క్రూజర్ లాగ్: సామాను ఎక్కాక మళ్లీ వేసిన లెక్కలు

ఈసారి లాగ్‌లో పెయింటూ పాలిషూ లేవు. నా తెరచాప పడవ నీళ్లలోకి దిగింది, సామానంతా ఎక్కింది, కాబట్టి కొలతలన్నీ మళ్లీ తీసుకున్నాను. కేటలాగ్‌లో ఉన్న పడవ వేరు, నేను నడిపే పడవ వేరు అని మొదటి నుంచీ అనుమానమే. ఎంత తేడానో ఇప్పుడు అంకెల్లో ఉంది.

ముందు కేటలాగ్ చెప్పేది. మొత్తం పొడవు 35 అడుగులు, నీటిగీత దగ్గర పొడవు 28.5, వెడల్పు 11, నీటి కింద లోతు 5.5. బరువు 13,000 పౌండ్లు. అందులో 4,900 పౌండ్లు కీల్‌లోని (అడుగున వేలాడే బరువైన రెక్క) పోత ఇనుమే, అంటే దాదాపు 38 శాతం. మెయిన్ తెరచాప, ముందు త్రికోణం (మాస్ట్, అంటే తెరచాప స్తంభం, ముందున్న తెరచాప జాగా) కలిపి 600 చదరపు అడుగులు.

ఈ అంకెల్లోంచి నేను చూసేవి రెండు నిష్పత్తులు. మొదటిది బరువుకీ పొడవుకీ మధ్య. బరువును 2,240తో భాగిస్తే లాంగ్ టన్నులు వస్తాయి. నీటిగీత పొడవులో నూరో వంతును ఘనం చేసి, టన్నులను దానితో భాగించాలి. నా పడవకి 250 వచ్చింది, అటు బరువూ కాదు ఇటు తేలికా కాదు. రెండోది తెరచాపకీ బరువుకీ మధ్య. బరువును 64తో భాగిస్తే పడవ పక్కకు నెట్టే ఉప్పునీరు ఎన్ని ఘనపుటడుగులో తెలుస్తుంది. దాని ఘనమూలాన్ని వర్గం చేసి, తెరచాప వైశాల్యాన్ని దానితో భాగిస్తే 17.4. క్రూజింగ్ పడవకి ఇది చురుకైన అంకే. కాకపోతే ఇదంతా ట్యాంకులు ఖాళీగా, అరలు ఖాళీగా ఉన్నప్పటి సంగతి.

ఎక్కే ప్రతి వస్తువునీ తూచి రాసుకున్నాను. చిన్నవాటికి కొక్కెం ఉన్న స్ప్రింగ్ త్రాసు చాలు. నీళ్లు 300 లీటర్లు, డీజిల్ 100. లంగరు గొలుసు 10 మిల్లీమీటర్లది 50 మీటర్లు, మీటరుకి 2.3 కిలోల చొప్పున అదొక్కటే 115 కిలోలు. తర్వాత రెండో లంగరు, రబ్బరు బోటు, దాని మోటారు, అదనపు బ్యాటరీలు, పనిముట్లు, తిండి, మనుషులు. అన్నీ కలిపి 1,100 కిలోల దాకా తేలింది, పౌండ్లలో 2,425. నీటిగీత రంగుపట్టీ రెండున్నర అంగుళాలు లోపలికి పోయింది. ఈ ఆకారపు హల్ (పడవ ఒడలు) ఒక్క అంగుళం దిగాలంటే సుమారు వెయ్యి పౌండ్లు పడుతుంది కాబట్టి త్రాసు లెక్కా నీటి లెక్కా కలిశాయి.

నీటిగీత పొడవు మారలేదనుకుని వేస్తే కొత్త నిష్పత్తులు 297, 15.5. కేటలాగ్‌లో చురుకైన పడవ, చేతిలోకి వచ్చేసరికి నిదానస్తురాలైంది. తేడా మంచి గాలిలో పెద్దగా తెలియదు, 8 నాట్స్ (గంటకి నాటికల్ మైళ్లు) కంటే తక్కువ గాలిలో మాత్రం బాగా తెలుస్తుంది.

బోల్తా పడే అవకాశానికీ ఒక సూత్రం ఉంది. వెడల్పుని, ఆ ఘనపుటడుగుల ఘనమూలంతో భాగించాలి. 2 కంటే తక్కువ వస్తే దూరప్రయాణానికి పనికొస్తుందంటారు. ఇంగ్లండ్ నుంచి సాగిన 1979 ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల రేసు తుఫానులో 15 మంది పోటీదారులు చనిపోయాక జరిగిన పరిశీలనల్లోంచి వచ్చిందిది. ఖాళీ పడవకి 1.87. సామాను ఎక్కాక 1.77, అంటే సూత్రం ప్రకారం ఇంకా భద్రం! నాకిది మింగుడు పడదు. ఆ బరువు బిల్జ్‌లో (పడవ అట్టడుగున) ఉందా, డెక్ మీద కట్టి ఉందా అన్నది ఈ సూత్రానికి పట్టదు. మాస్ట్ మీద రాడార్ బిగించినా అంకె బాగుపడినట్టే చూపిస్తుంది. అదే 1979 రేసులో అన్నిటికంటే చిన్న పడవల తరగతిలో గమ్యం చేరింది ఒకే ఒక్కటి, అది కాంటెస్సా 32 అనే రకం పడవ. సన్నటి హల్, బరువంతా కింద. 150 డిగ్రీలు దాటి ఒరిగినా తిరిగి లేస్తుంది. అందుకే ఈ సూత్రం కంటే నిలకడ వక్రరేఖ (ఎంత ఒరిగితే తిరిగి లేచే బలం ఎంతో చూపే గీత) దొరికితే దాన్నే నమ్ముతాను.

ఇక వేగం. నీటిగీత పొడవు వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే హల్ వేగం 7.15 నాట్స్. అంతకు మించితే పడవ తను లేపిన అలని తనే ఎక్కాల్సి వస్తుంది, తెరచాప ఎంత పెంచినా ఒరుగుడే పెరుగుతుంది. ఏదైనా కొలిచే ముందు స్పీడ్ మీటరు సరిచేసుకోవాలి. ఇంజన్ ఒకే ఆర్‌పీఎంలో పెట్టి, ప్రవాహం వెంట కొంతసేపు, ఎదురు అంతేసేపు నడిపి, రెండు జీపీఎస్ వేగాల సగటుతో మీటరుని పోల్చాలి. తిరిగే చక్రానికి నాచు పట్టి ఉంటే ముందు అది తీసేయాలి, లేకపోతే ఈ శ్రమంతా వృథా.

సామాను సర్దడంలో చేసిన ప్రధానమైన పని బరువుని మధ్యకి లాగడం. అణియంలో (ముందు భాగంలో) ఉన్న రెండో లంగరు, దాని గొలుసు మాస్ట్ మొదట్లోకి, అమరం (వెనక భాగం) వైపు కట్టిన డీజిల్ డబ్బాలు నడుమ అరలోకి వచ్చాయి. కావడికి రెండు చివర్లా కుండలున్నట్టు ఉంటే పడవ అల మీద ఊగడం మొదలుపెట్టాక త్వరగా ఆగదు. ఆ జడత్వం దూరం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, నడుమ నుంచి 15 అడుగుల దూరంలో ఉన్న వస్తువుని 5 అడుగులకి తెస్తే దాని ప్రభావం తొమ్మిదో వంతుకి పడిపోతుంది. పొట్టి అలల్లో ఎదురుగాలికి వెళ్లినప్పుడు అణియం నీళ్లు తవ్వడం స్పష్టంగా తగ్గింది.

చుక్కాని ఇంకా గాలివైపుకే లాగుతోంది. మాస్ట్ ఎంత వెనక్కి వాలిందో చూడ్డానికి మెయిన్ తెరచాప ఎత్తే తాడుకి బరువు కట్టి వేలాడదీసి, ఊగకుండా నీళ్ల బకెట్‌లో ముంచి, మాస్ట్ నుంచి బూమ్ (తెరచాప అడుగు కర్ర) ఎత్తులో దూరం కొలిచాను. 28 సెంటీమీటర్లు. ముందు స్టే (మాస్ట్‌ని నిలబెట్టే తీగ) బిగించి, వెనక స్టే వదులు చేసి 18కి తెచ్చాను. అయినా అసలు మందు రీఫే, అంటే తెరచాపని కొంత మడిచి చిన్నది చేయడమే. ఎదురుగాలిలో 6 నాట్స్‌తో పోతుంటే 14 నాట్స్ అసలు గాలి డెక్ మీద దాదాపు 19గా తగులుతుంది. గాలి 12 నుంచి 17కి పెరిగితే ఒత్తిడి రెట్టింపు. డెక్ మీద 19 కనిపించగానే మొదటి రీఫ్ వేస్తే ఒరుగు 20 డిగ్రీల లోపు ఉంటుంది, చుక్కాని కోణం 4 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, వేగం మాత్రం తగ్గదు. రీఫ్ వేయకుండా పది డిగ్రీల చుక్కానితో లాక్కెళ్లడమంటే బ్రేకు తొక్కి ఆక్సిలరేటర్ నొక్కడమే.

ఇప్పటిదాకా పట్టికలో నమ్మకంగా రాసినవి ఇవి. పక్కగాలిలో 8 నాట్స్ గాలికి పడవ వేగం 4.8, 12కి 6.2, 16కి 6.8. ఎదురుగా 14 నాట్స్ గాలిలో 46 డిగ్రీల కోణంలో 5.6, గాలివైపు నికరంగా సాగేది 3.9.

గాలివాటుగా పోయేటప్పుడు లెక్క తమాషాగా ఉంది. 12 నాట్స్ గాలిలో సూటిగా 4.9. 150 డిగ్రీల కోణంలో 5.5, కానీ గాలి దిశలో చూస్తే అది 4.8 కిందే లెక్క. కాబట్టి వంకర్లు తిరిగి లాభం లేదు, దొర్లుడు తగ్గుతుందంతే. 8 నాట్స్‌లో మాత్రం సూటిగా 3.2 వస్తే, 145 డిగ్రీల్లో 4.1, నికరం 3.4. గాలి బలహీనంగా ఉన్నప్పుడు వంకరే దగ్గర దారి. సూటిగా పోతే తెరచాపకి మిగిలే గాలి ఐదు నాట్స్ కూడా ఉండదు మరి.

తెరచాపతో పోయేటప్పుడు నీటిలో అడ్డుపడే మూడు రెక్కల ప్రొపెల్లర్ ఇంకా అలాగే ఉంది. పడవని మళ్లీ గట్టెక్కించినప్పుడు మడత ప్రొపెల్లర్ బిగించి, పక్కగాలి కొలతలు మళ్లీ తీస్తాను. 8 నాట్స్ వరస ఎంత కదులుతుందో చూడాలి, 16 నాట్స్ దగ్గర పెద్ద తేడా వస్తుందనుకోవడం లేదు.