తాతయ్య అడిగిన మట్టి సంగతి

మా అమ్మాయి మ్యూనిక్‌లోనే పుట్టి పెరిగింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. పోయిన అక్టోబరులో బడిలో దానికి, హిట్లర్‌ను చంపడానికి బాంబు పెట్టిన జార్జ్ ఎల్జర్ గురించి మాట్లాడే పని పడింది. అన్నం తింటూ చల్లగా చెప్పింది: "అమ్మా, ఆయన ష్రైనర్. మన తాతయ్యలాగే."

నాకు పొలమారింది.

ష్రైనర్ అంటే వడ్రంగి. ఇక్కడి తెలుగువాళ్లు మీ నాన్నగారేం చేస్తారని అడిగితే పదిహేనేళ్లుగా "ఫర్నిచర్ బిజినెస్" అంటూ వస్తున్నాను. హుజూరాబాద్ పక్కన మా ఊళ్లో మా నాన్న 'వడ్లాయన'. ఆ పిలుపులో పనీ ఉంది, కులమూ ఉంది. జర్మన్ మాటలో పని ఒక్కటే ఉంది. రెండోది నా కూతురికి తెలీదు. తెలియనివ్వలేదు నేనే.

ఆదివారం వీడియో కాల్‌లో తాతకు తన కథ మొదలుపెట్టింది. సగం తెలుగు, సగం జర్మన్, నడుమ దుబాసీని నేను. ఎల్జర్ 1903లో పుట్టాడు. క్యోనిగ్స్‌బ్రోన్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. కర్రపని పరీక్షలో అందరికంటే ముందు నిలిచాడు. గడియారాల ఫ్యాక్టరీలో కొన్నాళ్లు చేశాడు. జిథర్ అనే తీగల వాద్యం వాయించేవాడు. కర్రపనివాళ్ల సంఘంలో సభ్యుడు, ఓటు కమ్యూనిస్టులకు. కూలి రేట్లు పడిపోవడం కళ్లారా చూశాడు. 1938 శరదృతువుకల్లా యుద్ధం తప్పదని తేలిపోయింది ఆయనకు. పైవాళ్లను లేపేస్తే తప్ప అది ఆగదనుకున్నాడు.

హిట్లర్ ఏటా నవంబరు 8న మ్యూనిక్‌లోని బ్యుర్గర్‌బ్రాయ్‌కెల్లర్ అనే బీరు హాల్లో మాట్లాడేవాడు. వేదిక వెనక ఒక స్తంభం. ఎల్జర్ 1939 ఆగస్టులో ఈ ఊరొచ్చి, సాయంత్రం అక్కడే తిని, మూసేవేళకు పైన బాల్కనీలో దాక్కుని, 30కి పైగా రాత్రులు మోకాళ్ల మీద కూచుని, బాంబు పెట్టేందుకు ఆ స్తంభాన్ని తొలిచాడు. మోకాళ్లు చీము పట్టాయి.

అప్పటిదాకా ఊకొడుతున్న నాన్న ఆపాడు. "ఆగు బిడ్డా. కంభం తొలిస్తే మట్టి రాలతది గద. గది ఏడ పోసిండు?"

దాని దగ్గర జవాబు లేదు. టీచర్ గానీ, పాఠం గానీ అడగని ప్రశ్న. ఆ వారమంతా వెతికింది. తువ్వాలుతో కుట్టుకున్న సంచిలోకి పట్టి, తర్వాత చిన్న పెట్టెలో బయటికి మోసుకెళ్లి, ఈజార్ నది ఒడ్డున పారబోశాడట. వెలుగు కనబడకుండా టార్చిలైటుకు నీలం చేతిరుమాలు చుట్టాడట. చెక్క పలకలో ఎవరికీ తెలియని చిన్న తలుపు కోశాడు.

"తట్టితే డొల్ల సప్పుడు రాకుంట ఏం జేసిండు?" మళ్లీ నాన్నే. లోపల రేకు తాపడం పెట్టాడు. గడియారం టిక్కుటిక్కు వినబడకుండా కార్కు బెండు. నాన్న చేత్తో ఫోను పక్కన బల్లను తట్టి చూశాడు. "పనోడు," అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం తక్కువ.

రాత్రి 9:20కి పేలేలా పెట్టాడు. పొగమంచువల్ల విమానం వద్దనుకుని రైలు పట్టుకోవడానికి హిట్లర్ 9:07కే హాలు విడిచాడు. 13 నిమిషాలు. 8 మంది పోయారు. వాళ్లలో ఒకామె అక్కడ వడ్డించే పనిమనిషి. మా అమ్మాయి క్లాసులో సగం గొడవ ఆమె గురించే: ఆయనకు ఆ హక్కు ఉందా? నేను వీరుడి కథ చెప్పించాలని చూశాను. అది ఒప్పుకోలేదు. వీరుడన్న మాటే దానికి గిట్టదు. నాన్న మాత్రం "గా పిల్ల పేరేంది?" అనడిగాడు. మరియా హెన్లే అని చెప్పింది. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.

బాంబు పేలకముందే, 8:45కి, కాన్‌స్టాంజ్‌లో స్విట్జర్లాండ్ సరిహద్దు దాటబోతూ ఎల్జర్ దొరికాడు. ఒంటరిగా చేశానంటే గెస్టపో (నాజీల రహస్య పోలీసు) పైవాళ్లు నమ్మలేదు. వడ్రంగికి అంత తలకాయా? వెనక బ్రిటిష్ గూఢచారులు ఉండాలన్నారు. యంత్రాన్ని మళ్లీ చేసి చూపించమన్నారు. చేసి చూపించాడు. కోర్టు విచారణ అనేది జరగనే లేదు. యుద్ధం గెలిచాక ఆర్భాటంగా చేద్దామని సాక్సన్‌హౌజన్ నిర్బంధ శిబిరంలో ప్రత్యేక ఖైదీగా దాచారు, ఆ తర్వాత డాకౌ శిబిరంలో. ఖైదులో పనిముట్లు ఇస్తే జిథర్ చేసుకుని వాయించుకున్నాడు. 1945 ఏప్రిల్ 9న కాల్చేశారు. ఇరవై రోజులకు అమెరికన్లు డాకౌ చేరారు.

యుద్ధం అయిపోయాక కూడా నమ్మలేదు జనం. నాజీలే పెట్టించిన మనిషన్నారు. 1944లో హిట్లర్‌ను చంపబోయిన సైనికాధికారులకు గౌరవాలు ముందే దక్కాయి, ఈయనకు చాలా ఆలస్యంగా. ఇది చదువుతూ నా ఫర్నిచర్ బిజినెస్ గుర్తొచ్చింది. ఆ రాత్రి అమ్మాయికి వడ్లాయన అన్న మాట మొత్తం విప్పి చెప్పాను. కులం దగ్గరికొచ్చేసరికి కోపమొచ్చింది దానికి. ఊరి మీద అనుకున్నాను. నా మీద.

ఎల్జర్ అద్దెకున్న టుర్కెన్ వీధిలో ఇప్పుడాయన పేరుతో చిన్న చౌకు ఉంది. అక్కడి బడి గోడ మీద ఎర్ర నియాన్ అక్షరాలు రోజూ రాత్రి 9:20కి ఒక్క నిమిషం వెలుగుతాయి. నవంబరు 8న వెళ్లాం. అక్కడ నాన్నకు రాత్రి దాదాపు రెండు. మేలుకునే ఉన్నాడు. అమ్మాయి ఫోను ఎత్తి పట్టుకుంది. వెలిగాయి. ఆరిపోయాయి.

"గంతేనా?" అన్నాడు. తర్వాత, "ఆ వీధిల పాత తలుపులు ఉంటే ఒకటి సూపియ్యి బిడ్డా. బందులు ఎట్ల బిగిస్తరో జూస్త."

చలిలో ఇంకో అరగంట తలుపులు చూపిస్తూ తిరిగాం.