ఇంజెక్షన్ పీకి కార్బొరేటర్ బిగించిన పని

కంప్యూటరుతో నడిచే ఇంజను నుంచి ఆ కంప్యూటరును పీకేసి, దాని స్థానంలో పెట్రోలునూ గాలినీ కలిపి పంపే పాతకాలపు కార్బొరేటర్ బిగించమని ఎదురు డబ్బిచ్చే మనుషులు ఉంటారని విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసినన్నాళ్లూ నేను ఊహించలేదు. అక్కడ నేను చూసినదంతా దీనికి తలకిందులు. అంబాసిడర్లు, పద్మినీలు, పాత మారుతి 800లు తిరిగినంతకాలం కార్బొరేటర్ పనివాడికి తిండికి లోటు లేదు. కంప్యూటరు చెప్పినంత పెట్రోలును ఇంజెక్టర్లు చిమ్మే ఇంజెక్షన్ కార్లు పెరిగేకొద్దీ మా షెడ్డు ముందు ఆగే బండ్లు తగ్గాయి. 2020 ఏప్రిల్‌లో పొగను కట్టడి చేసే బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలో కూడా కార్బొరేటర్ దాదాపు లేకుండా పోయింది. అప్పటికి నేను అక్కడ లేను. మా అక్క వేసిన పిటిషన్ పన్నెండేళ్లకు పైగా నడిచి, గ్రీన్‌కార్డు వచ్చి, 2016లోనే దక్షిణ కాలిఫోర్నియా చేరాను. ఇక ఈ చేతులకు మిగిలింది ఆయిల్ మార్చే పనేనని సిద్ధపడి వచ్చాను.

రివర్‌సైడ్ దగ్గర నాకు పని దొరికిన షెడ్డులో హాట్ రాడ్లు తయారు చేస్తారు. మన దగ్గర లారీకి బాడీ కట్టినట్టే, ఇక్కడ పాత కారును ఎముకల గూడు దాకా విప్పి మళ్లీ కడతారు. 1930లలో ఇక్కడి కుర్రాళ్లు పాత ఫోర్డుల మడ్‌గార్డులూ బానెట్లూ ఊడదీసి, ఇంజనుకు బలం పెంచి, మొహావీ ఎడారిలో ఎండిపోయిన సరస్సుల నేల మీద పరుగులు పెట్టించేవారట. 1932 మోడల్ ఫోర్డు అంటే వీళ్లకు ఇప్పటికీ ప్రాణం. సామాన్యుడు కొనగలిగిన ధరలో వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను వచ్చింది ఆ ఏడాదే. దాని శక్తి 65 హార్స్‌పవరే అయినా ఆనాటికి అది పెద్ద మాట.

షెడ్డులో చేరిన మొదటి వారం నన్ను కంగారుపెట్టినవి ఇంజన్లు కావు. ఆటోనగర్‌లో పానాలన్నీ మేస్త్రివి. మనం చేతులతో వెళితే చాలు. ఇక్కడ ఎవరి పానాలు వాళ్లు కొనుక్కోవాలి. వారానికొకసారి పనిముట్ల వ్యాను షెడ్డు గుమ్మం దాకా వచ్చి వాయిదాల మీద ఇచ్చిపోతుంది. మొదటి ఏడాది నా జీతంలో గణనీయమైన భాగం ఆ వ్యాను వెంటే పోయింది. పైగా డెబ్బై ఏళ్ల యజమానిని పేరు పెట్టి పిలవమన్నారు. నాకు నోరు రాక ‘బాస్’ దగ్గర ఆగిపోయాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

కార్బొరేటర్ కావాలని వచ్చిన ఆసామి రిటైరైన పెద్దమనిషి. ఆయన దగ్గర 1932 ఫోర్డు ఇనుప బాడీ ఉంది. దెబ్బతిన్న షెవర్లే సిల్వరాడో ట్రక్కు నుంచి తీసిన 5.3 లీటర్ల వీ8 ఇంజను కొన్నాడు. ఈ రకం ఇంజను 1999 మోడల్ ట్రక్కులతో మొదలై లక్షల్లో తయారైంది కాబట్టి పాత సామాన్ల యార్డుల్లో చవకగా దొరుకుతుంది, గట్టిది కూడా. బానెట్ లేని బండిలో సిలిండర్లకు గాలిని పంచే ప్లాస్టిక్ మానిఫోల్డూ వైర్ల గుత్తులూ కనిపించకూడదన్నది ఆయన మొదటి కోరిక. దారిలో ఆగిపోతే ఒక్క స్క్రూ డ్రైవరుతో బాగుచేసుకోగలగాలన్నది రెండోది. మొదటిది నాకు అర్థమైంది, రెండోదాన్ని నమ్మలేదు. (ఈ దేశంలో కార్బొరేటర్ ఆకారంలో ఉండే ఇంజెక్షన్ యూనిట్లు కూడా అమ్ముతారు. ఎవరి ముచ్చట వాళ్లది.) 1975, అంతకుముందు మోడల్ కార్లకు కాలిఫోర్నియాలో పొగ పరీక్ష లేదు కాబట్టి ఈ బండికి అడ్డు రాలేదు. అదే ఆ ట్రక్కుకే ఈ మార్పు చేస్తే చట్టం ఒప్పుకోదు.

మానిఫోల్డు మార్చడం ఒక పూట పని. ప్లాస్టిక్‌ది, దానితో పాటు ఎనిమిది ఇంజెక్టర్లూ తీసేసి, నాలుగు గొంతుల కార్బొరేటర్ కూర్చునే అల్యూమినియం మానిఫోల్డు బిగించాము. అసలు చిక్కు స్పార్కుతో వచ్చింది. అంబాసిడర్‌లో కార్బొరేటర్ దారి కార్బొరేటర్‌ది, సిలిండర్లకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ దారి డిస్ట్రిబ్యూటర్‌ది. ఈ ఇంజనులో డిస్ట్రిబ్యూటరే లేదు. సిలిండరుకొక కాయిల్ చొప్పున ఎనిమిది కాయిళ్లు ఉంటాయి. క్రాంక్ మీది చక్రాన్ని సెన్సారు చదివి చెబితే, ఏ కాయిల్ ఎప్పుడు వెలగాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. కంప్యూటరు పీకితే పెట్రోలుతో పాటు స్పార్కూ పోతుంది. అందుకని క్రాంక్, క్యామ్ సెన్సార్లను ఉన్నచోటే ఉంచి, స్పార్కు ఒక్కటే చూసుకునే విడి పెట్టె కొని తగిలించాము. కంప్యూటరే వద్దన్న పెద్దమనిషి బండిలో చివరికి చిన్న కంప్యూటరు ఒకటి మిగిలింది. ఆ సంగతి ఆయనకు చెబితే, డ్యాష్‌బోర్డు వెనక దాచేయమన్నాడు.

పెట్రోలు దగ్గర తప్పు నాదే. ఈ ఇంజనులో ఇంజెక్టర్లకు చదరపు అంగుళానికి 58 పౌండ్ల ఒత్తిడి కావాలి. కార్బొరేటర్‌కు 6 చాలు. తక్కువ ఒత్తిడి పంపు పెట్టి, ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ ఫ్యాక్టరీలోనే సరిచేసి ఉంటుందన్న ధీమాతో గేజి పెట్టకుండానే స్విచ్ వేశాను. పది సెకన్లలో కార్బొరేటర్‌లో పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గదుల గాలి గొట్టాల్లోంచి పెట్రోలు పొంగి గొంతుల్లోకి కారసాగింది. వెంటనే పంపు ఆపేశాను. అప్పుడు గేజి తగిలించి చూస్తే 9 పౌండ్లు. ఆ ఒత్తిడికి పెట్రోలు దారికి అడ్డుపడే పిన్నును ఫ్లోటు మూసి ఉంచలేకపోయింది. బాస్ ఏమీ అనలేదు, మంటలార్పే సిలిండరును తెచ్చి నా పక్కన పెట్టి వెళ్లిపోయాడు. మా మేస్త్రి అయితే పానాతో ఒకటి వేసేవాడు. ఆ దెబ్బ కంటే ఈ మౌనమే ఎక్కువ తగిలింది.

మర్నాడు ప్లగ్గులు ఆరబెట్టి, ఒత్తిడి ఆరుకు దించి, ఫ్లోట్ గది పక్కనున్న చిన్న మర విప్పి చూశాను. బండిని కొద్దిగా ఊపితే ఆ రంధ్రం అంచు మీదుగా పెట్రోలు చుక్కలు చుక్కలుగా జారాలి, ధార కట్టకూడదు. అది కుదిరాక మిశ్రమం స్క్రూలు పూర్తిగా లోపలికి బిగించి, ఒక్కోటి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి ఇంజను స్టార్ట్ చేశాము. పక్కనున్న కుర్రాడు ఇంజను గాలి పీల్చే బలాన్ని కొలిచే వాక్యూమ్ గేజి తెచ్చాడు. నేను గేజి వైపు చూడకుండా, చెవి ఇంజను మీద పెట్టి, పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ పోయాను. ఆటోనగర్‌లో మిస్సింగ్ కొడుతున్న ఇంజనును మేస్త్రి కళ్లు మూసుకుని విని ‘ఆపు, ఇక ముట్టుకోకు’ అనే క్షణం ఒకటుండేది. నాకు ఆ క్షణం వచ్చినప్పుడు చెయ్యి తీసేశాను. కుర్రాడు గేజి చూపించాడు. ముల్లు 18 అంగుళాల దగ్గర కదలకుండా నిలబడి ఉంది. ఆ తర్వాత నుంచి షెడ్డులో కార్బొరేటర్ పని ఏదొచ్చినా నా బల్ల మీదికే వస్తోంది.

బండి ఇచ్చిన నెలకు ఆ పెద్దమనిషి ఫోన్ చేశాడు. సుమారు 6,750 అడుగుల ఎత్తులో ఉన్న బిగ్ బేర్ కొండ మీదికి వెళ్లాడట. స్లోలో ఇంజను గుర్రుమంటూ నల్లటి పొగ వదులుతోందన్నాడు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. కార్బొరేటర్‌లోని జెట్లు, అంటే సన్నటి రంధ్రాలు, ఇచ్చే పెట్రోలు మాత్రం ఆ మేరకు తగ్గదు. కంప్యూటరు ఉండి ఉంటే తనంతట తానే సరిదిద్దుకునేది. ఆ మాట ఆయనతో అనలేదు. స్క్రూ డ్రైవరు ఉందా అని అడిగితే, జేబులోనే ఉందన్నాడు. అన్ని మిశ్రమం స్క్రూలనూ సమానంగా, పావు చుట్టు లోపలికి తిప్పమన్నాను. ఫోన్‌ను ఇంజను దగ్గర పెట్టమని విన్నాను. ఇంకో చిటికెడు తిప్పమన్నాను. చప్పుడు సర్దుకుంది. కొండ దిగాక మళ్లీ అంతే వెనక్కి తిప్పాలని చెప్పబోతుంటే, ఎంత తిప్పిందీ సుద్దముక్కతో ఇంజను వెనకున్న రేకు గోడ (ఫైర్‌వాల్) మీద రాసుకున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.